ముప్పై ఎనిమిదో టిక్కీ: మిర్చి కమిషన్ షాపుకు డేటా గ్రిడ్ కట్టిన అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చి మూడు సీజన్లయింది. ఆ షాపు గుమస్తా గారి నంబరు ఫోన్లో కనబడితే నాకు ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఒక్క టిక్కీ. లాట్‌లో ముప్పై ఎనిమిదోది. దాని బరువు ఆయన కొట్టాడు, తెర మీద కనబడింది, డేటాబేస్‌లోకి మాత్రం చేరలేదు. డేటా గ్రిడ్ (తెర మీద గడులుగా, వరసలుగా అంకెలు కొట్టే పట్టిక) గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ ఒక్క టిక్కీ నేర్పిందే.

ముందు అక్కడి పని చెబుతాను. యార్డులో మిర్చి సంచిని టిక్కీ అంటారు. ఒక్కోటి నలభై, నలభై అయిదు కిలోలు తూగుతుంది. రైతు తెచ్చిన సరుకు ఒక లాట్. బేరం కుదిరాక కాటా వేసి ప్రతి టిక్కీ బరువూ చిట్టీ మీద వరసకు పది చొప్పున రాస్తారు. ఆ చిట్టీ షాపులోకి వస్తుంది. ఒక కుర్రాడు పైకి చదువుతాడు: "నలభై రెండున్నర, నలభై మూడు, నలభై ఒకటీ ఎనిమిది వందలు..." గుమస్తా గారు కుడిచేత్తో అంకెల కీప్యాడ్ మీద కొడుతూ పోతారు. కళ్లు చిట్టీ మీదో, కుర్రాడి మీదో, గుమ్మంలో నిలబడ్డ రైతు మీదో ఉంటాయి. తెర వైపు చూసేది లాట్ అయ్యాకే. మొత్తం బరువును ధరతో హెచ్చించి, ఖర్చులు తీసేసి, రైతు చేతికి పట్టీ, అంటే లెక్క కాగితం, ఇస్తారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు పోటెత్తినప్పుడు ఈ పని పొద్దున మొదలైతే దీపాలు పెట్టాక గానీ ఆగదు.

వాళ్ల దగ్గర అప్పటికే ఒక పాత ప్రోగ్రాం ఉంది. విజువల్ బేసిక్ 6లో రాసింది, వెనక యాక్సెస్ ఫైలు. రెండు కంప్యూటర్ల నుంచి ఒకే ఫైలు తెరిచేవాళ్లు కాబట్టి సీజన్లో రెండు మూడుసార్లు ఆ ఫైలు పాడయ్యేది, రిపేర్ చేస్తూ కూర్చోవాలి. నన్ను పిలిచింది అందుకే. వెబ్‌లో చేద్దామా అని షావుకారు గారు అడిగారు, వద్దన్నాను. సీజన్లో ఇంటర్నెట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం. పట్టీ కార్బన్ కాపీతో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద రావాలి. అన్నిటికీ మించి, కీప్యాడ్ మీద ఆయన చేయి నడిచే వేగాన్ని బ్రౌజర్‌లో అందుకోవడం తలనొప్పి.

అందుకని డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద విన్‌ఫార్మ్స్ (విండోస్ తెరలు కట్టే సాధనం), వెనక డేటాబేస్‌కు ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనుకున్నాను. గ్రిడ్ ఏది అన్న ప్రశ్న మీద రెండు రోజులు పోయాయి. డెవ్‌ఎక్స్‌ప్రెస్, టెలెరిక్, సింక్‌ఫ్యూజన్ లాంటి సంస్థల గ్రిడ్లలో గ్రూపింగ్, ఫిల్టర్ వరస, ఎక్సెల్ ఎగుమతి అన్నీ తయారుగా వస్తాయి. 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన మైక్రోసాఫ్ట్ సొంత గ్రిడ్ డేటాగ్రిడ్‌వ్యూలో ఇవేవీ లేవు. కాపీ ఉంది గానీ పేస్ట్ కూడా మనమే రాసుకోవాలి. అయినా దాన్నే తీసుకున్నాను. ఈ షాపుకు కావలసింది బరువులు కొట్టే గ్రిడ్ ఒకటి, పాత లాట్లు వెతికే గ్రిడ్ ఒకటి. గ్రూపింగ్ ఎవరికి కావాలి? పైగా పదేళ్ల తర్వాత నేను లేకపోయినా ఇంకొకరు వచ్చి బాగుచేసుకోగలగాలి. ఆ ఎంపిక మీద నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ఎన్ని రాత్రుళ్లు పోతాయో అప్పుడు తెలిసుంటే ధర కాస్త పెంచి చెప్పేవాణ్ని, అంతే.

ఎంటర్ కొడితే ఎటు పోవాలి

మొదటి రోజే గొడవ. చిట్టీ లాగే గ్రిడ్ కూడా పది నిలువు వరసలతో పెట్టాను. గుమస్తా గారు మొదటి బరువు కొట్టి ఎంటర్ నొక్కారు. కర్సర్ కిందికి దిగింది. డేటాగ్రిడ్‌వ్యూ స్వభావమే అంత, ఎంటర్ అంటే కిందికి. ఆయన తెర చూడరు కాబట్టి పది బరువులూ మొదటి నిలువు వరసలోకే దిగిపోయాయి. మొత్తం సరిగ్గానే వచ్చింది గానీ చిట్టీతో సరిచూద్దామంటే ఏ బరువు ఎక్కడుందో తెలియదు.

"పాతదాంట్లో పక్కకు పోయేది బాబూ" అన్నారు. పాత ప్రోగ్రాంలో వాడింది ఎంఎస్‌ఫ్లెక్స్‌గ్రిడ్. దాని గడిలో నేరుగా టైప్ చేసే వీలే లేదు. ఒక టెక్స్ట్‌బాక్సును సరిగ్గా గడి మీద తేలేట్టు పెట్టి, అందులో కొట్టించి, విలువను తీసి గడిలో వేసేవాళ్లు. ఆ పాత ప్రోగ్రామరెవరో గానీ ప్రతి కీ ఏం చెయ్యాలో చేత్తో రాసుకున్నాడు. నేను తయారు గ్రిడ్ తీసుకున్నాను కాబట్టి దాని అలవాట్లు కూడా వెంట వచ్చాయి.

సరిచెయ్యడం కష్టమేం కాదు, కాకపోతే రెండు చోట్ల చెయ్యాలి. గడిలో ఎడిటింగ్ నడుస్తున్నప్పుడు ఫోకస్ (కీబోర్డ్ మీద కొట్టింది ఎక్కడికి చేరుతుందో ఆ చోటు) గ్రిడ్ మీద ఉండదు, గడిలో తెరుచుకున్న చిన్న టెక్స్ట్‌బాక్సు మీద ఉంటుంది. అప్పుడు ఎంటర్ ప్రాసెస్‌డైలాగ్‌కీ అనే ఫంక్షన్ దారిలో వస్తుంది. ఎడిటింగ్ లేనప్పుడు ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీ దారిలో వస్తుంది. గ్రిడ్‌కు పిల్ల క్లాసు (దాని గుణాలన్నీ తీసుకుని కొన్ని మార్చుకునే కోడ్) రాసి రెంటినీ మార్చాలి. ఒకటే మారిస్తే ఒకసారి పక్కకు, ఇంకోసారి కిందికి పోతూ పిచ్చెక్కిస్తుంది. నేను ముందు ఎంటర్‌ను కుడి బాణం కింద మార్చాను. పదో గడి దగ్గరికి వచ్చేసరికి కర్సర్ అక్కడే నిలిచిపోయింది, ఎందుకంటే కుడి బాణం కింది వరసకు దిగదు. ట్యాబ్ అయితే దిగుతుంది. ప్రాసెస్‌ట్యాబ్‌కీని పిలిచేసరికి దారిలో పడింది.

మిర్చి రకం ఎంచుకోవడానికి మొదట డ్రాప్‌డౌన్ నిలువు వరస పెట్టాను: తేజ, 341, బ్యాడిగి, ఆర్మూర్, తాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. అది తెరుచుకోవాలంటే ఒక క్లిక్కుతో పని కాదు, మొదటి క్లిక్కుకు గడి ఎంపికవుతుంది, ఆ తర్వాతే జాబితా. ఎడిట్‌మోడ్‌ను ఎడిట్‌ఆన్‌ఎంటర్‌గా మారిస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. గుమస్తా గారు మౌస్ ముట్టుకోవడానికే ఇష్టపడలేదు. చివరికి డ్రాప్‌డౌన్ తీసేసి అంకె కోడ్ పెట్టాను. 1 కొడితే పక్క గడిలో తేజ అని వస్తుంది. అంకెలు ఆయనకు రెండు రోజుల్లో నోటికొచ్చాయి.

పోయిన టిక్కీ

మార్చి నెల, మధ్యాహ్నం. ఫోన్. "ఒకసారి వస్తారా బాబూ, ఇక్కడ కాస్త తేడా వచ్చింది."

వెళ్లేసరికి షాపులో అచ్చంపేట వైపు రైతు ఒకాయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో పట్టీ, ఇంకో చేతిలో సిగరెట్ పెట్టె అట్టముక్క. దాని మీద తన లెక్క తను రాసుకున్నాడు, ముప్పై ఎనిమిది టిక్కీలు. పట్టీలో టిక్కీల సంఖ్యా ముప్పై ఎనిమిదే. బరువు మాత్రం ముప్పై ఏడింటిదే. నలభై మూడు కిలోలు తక్కువ. క్వింటా ధర 18,000. అంటే 7,740 రూపాయలు.

"నేను కొట్టాను బాబూ. తెర మీద చూశాను కూడా. మీ కంప్యూటరే మింగింది" అన్నారు గుమస్తా గారు. షావుకారు గారు ఏం మాట్లాడలేదు. రైతు కూడా ఏమీ అనలేదు, అట్టముక్క నా ముందు పెట్టాడు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

డేటాబేస్ చూస్తే ముప్పై ఏడు బరువులే ఉన్నాయి. గుమస్తా గారు పొరపడ్డారనే నా మనసులో అనుకున్నాను, అది నిజం. అదే లాట్ మళ్లీ కొట్టించాను. చివరి బరువు 43 అని కొట్టి, ఎంటర్ నొక్కకుండానే, పైన టూల్‌బార్‌లో ఉన్న సేవ్ బొమ్మ మీద క్లిక్ చేశారు. ఫారం ఖాళీ అయింది. తెరిచి చూస్తే ముప్పై ఏడే. నా కళ్ల ముందే మింగింది.

జరిగిందేమిటంటే, గ్రిడ్‌లో మనం కొట్టిన అంకె ఒక్క చోట ఉండదు, మజిలీలు చేస్తూ పోతుంది. మొదట గడిలో తెరుచుకున్న టెక్స్ట్‌బాక్సులో అక్షరాలుగా ఉంటుంది. గడి వదిలినప్పుడు అది తనిఖీ అయి గడి విలువగా మారుతుంది. గ్రిడ్‌ను డేటా టేబుల్‌కు కట్టి ఉంటే ఇంకో మజిలీ ఉంది: ఆ వరసలో మార్పులు వరస వదిలేదాకా తాత్కాలికంగానే ఉంటాయి, ఆ తర్వాతే టేబుల్‌లోకి ఎక్కుతాయి. డేటాబేస్ చివరి మజిలీ. తెర మీద చూసేవాడికి ఈ నాలుగు చోట్లా అదే 43 కనబడుతుంది. ప్రోగ్రాం సేవ్ చేసేది మాత్రం మొదటి మజిలీ దాటినదాన్నే.

మామూలు బటన్ నొక్కితే ఫోకస్ గ్రిడ్ నుంచి బటన్ మీదికి వస్తుంది, గడి దానంతటదే మూసుకుంటుంది, విలువ లోపలికి పోతుంది. టూల్‌బార్ మీది టూల్‌స్ట్రిప్ బటన్ అలా కాదు, ఫోకస్ తీసుకోదు. గ్రిడ్ దృష్టిలో గుమస్తా గారు ఇంకా ఆ గడిలో టైప్ చేస్తూనే ఉన్నారు. సేవ్‌కు పెట్టిన ఎఫ్10 షార్ట్‌కట్‌దీ అదే కథ.

నేను పరీక్షించినప్పుడు ఎందుకు దొరకలేదో చెబితే నవ్వొస్తుంది. మొదటి వెర్షన్‌లో సేవ్ మామూలు బటనే. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, తెర కాస్త అందంగా ఉండాలని, బటన్లు తీసేసి బొమ్మలతో టూల్‌స్ట్రిప్ పెట్టాను. లెక్కల కోడ్ ఒక్క లైను కూడా మార్చలేదు కాబట్టి మళ్లీ పరీక్షించక్కర్లేదు అనుకున్నాను. పరీక్షించినా దొరికేది కాదేమో, నాకు ప్రతి అంకె తర్వాతా ఎంటర్ కొట్టే అలవాటు.

మందు మూడు లైన్లు. సేవ్‌లో అన్నిటికన్నా ముందు ఫారం వాలిడేట్‌ను పిలవాలి, తర్వాత గ్రిడ్ ఎండ్‌ఎడిట్, ఆ తర్వాత బైండింగ్‌సోర్స్ (గ్రిడ్‌నూ టేబుల్‌నూ కలిపేది) ఎండ్‌ఎడిట్. చాలామంది రెండోది రాసి వదిలేస్తారు. దాంతో విలువ గడిలోకి వస్తుంది గానీ వరస ఇంకా తాత్కాలికంగానే ఉంటుంది, మళ్లీ అదే రోగం. వీటిలో ఏది కాదన్నా సేవ్ ఆగిపోవాలి.

ఆ మూడు లైన్లతో నా తప్పు సగమే దిద్దుకుంది. టిక్కీల సంఖ్య ముప్పై ఎనిమిది అని ఆయన పైన వేరే గడిలో కొట్టారు. నిండిన బరువు గడులు ముప్పై ఏడు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా వాటిని పోల్చి చూడమని ప్రోగ్రాంకు నేను చెప్పలేదు. ఖాళీ గడిని మొత్తంలో సున్నాగా కలిపేశాను, అదీ తప్పే. ఖాళీ అంటే ఇంకా రాలేదని అర్థం. ఇప్పుడు లెక్క కలవకపోతే పట్టీ ప్రింట్ కాదు, లోటున్న గడి ఎర్రబడుతుంది.

తేడా డబ్బు షావుకారు గారు అక్కడికక్కడే రైతుకు ఇచ్చేశారు. ఆ రాత్రి అదే నెల పట్టీలన్నీ ఒక క్వెరీతో తిరగేశాను. ఇంకో నాలుగు లాట్లు తేలాయి. అయిదింటి డబ్బూ నా బిల్లులో తగ్గించుకోమన్నాను. ఆయన సగం తగ్గించుకున్నారు.

వత్తులు తెగిపోయిన పేర్లు

రైతుల పేర్లు తెలుగులోనే కావాలన్నారు, పట్టీ వాళ్లు చదువుకోవాలి కాబట్టి. పాత డేటాలో తెలుగు ఉంది, కాకపోతే అది తెలుగు కాదు. విజువల్ బేసిక్ 6 మామూలు కంట్రోళ్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి) చూపించలేవు, అందుకని డీటీపీ ఫాంట్ పెట్టి ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఫాంట్ తీస్తే పేరు స్థానంలో చుక్కలూ కొక్కేలూ కనిపిస్తాయి. మార్పిడి ప్రోగ్రాం రాయబోయి, వత్తుల దగ్గర చిక్కుకుని, చివరికి ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి పేర్లన్నీ మళ్లీ టైప్ చేయించాను. వారంలో అయిపోయింది. ప్రోగ్రాం రాసి ఉంటే ఇప్పటికీ దిద్దుతూ ఉండేవాణ్ని.

యూనికోడ్‌లోకి వచ్చాక గ్రిడ్‌లో ఇంకో వింత. "లక్ష్మి" "లకి" అయింది. "వెంకటేశ్వర్లు" "వెంకటేశరు" అయ్యాడు. ప్రత్తిపాడు పతిపాడయింది. వత్తులన్నీ గడి కింది అంచు దగ్గర తెగిపోయాయి. డేటాగ్రిడ్‌వ్యూ వరస ఎత్తు మామూలుగా 22 పిక్సెళ్లు, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే కొలత. ఫాంట్‌ను నిర్మలా యూఐకి మార్చి, సైజు పెంచినా వరస తనంతట తను పెరగదు. వరసలకు నమూనా అయిన రోటెంప్లేట్ ఎత్తు 34కు పెంచాను. పేర్లున్న గ్రిడ్‌కే పెంచాను, బరువుల గ్రిడ్‌ను ముట్టుకోలేదు. ఆ షాపు మానిటర్ ఎత్తు 768 పిక్సెళ్లే, అంకెలకు వత్తులు లేవు కదా.

రెండున్నర లక్షల వరసలు

మూడో సీజన్ చివరికి టిక్కీల బరువులు రెండున్నర లక్షల వరసలు దాటాయి. వెతికే తెర తెరిస్తే కుర్రాడు టీ తెచ్చేదాకా తెల్లగా ఉండేది. యార్డు వేసవి సెలవుల్లో దాని మీద కూర్చున్నాను.

ముందు దొరికిన దొంగ ఆటోసైజ్. నిలువు వరసల వెడల్పు అన్ని గడులకూ సరిపోయేట్టు సర్దుకోమని ఆల్‌సెల్స్ అని పెట్టాను. అంటే రెండున్నర లక్షల వరసల్లో ప్రతి గడిలో ఉన్న రాతనూ గ్రిడ్ కొలిచి చూస్తోంది. స్థిరమైన వెడల్పులు ఇచ్చేసరికి సగం భారం దిగింది.

తర్వాత వర్చువల్‌మోడ్. ఇందులో గ్రిడ్‌కు డేటా ఇవ్వం, ఇన్ని వరసలున్నాయని రోకౌంట్ మాత్రం చెబుతాం. తెర మీదికి వచ్చే గడి కోసం అది సెల్‌వాల్యూనీడెడ్ ఈవెంట్‌తో మనల్ని అడుగుతుంది. తెర మీద ముప్పై వరసలుంటే ఆ ముప్పై గురించే. నేను ముందుగా వరసల ఐడీలు మాత్రమే, కావలసిన క్రమంలో, ఒక జాబితాగా తెచ్చుకుంటాను. ఐడీకి నాలుగు బైట్లు, రెండున్నర లక్షలకు ఒక మెగాబైటు. ఆ తర్వాత అవసరమైన చోట రెండొందల వరసలు ఒక మూటగా తెచ్చి దాచుకుంటాను. తలకట్టు మీద క్లిక్ చేసి క్రమం మారిస్తే ఐడీల జాబితా మారుతుంది, మిగతాదంతా అలాగే ఉంటుంది.

ఇంత చేశాక కూడా మెమరీ పెరుగుతూ పోయింది. డబ్బు చెల్లించని లాట్లకు రంగు వెయ్యడానికి ఫోర్‌ఈచ్‌తో అన్ని వరసలూ తిరుగుతున్నాను. గ్రిడ్ లోపల ఒకేలాంటి వరసలన్నీ ఒకే వస్తువును పంచుకుంటాయి. మనం ఒక్కొక్క వరసనూ పేరుపెట్టి పిలిస్తే దానికి విడిగా వస్తువు తయారవుతుంది. అంటే వర్చువల్‌మోడ్‌తో పొదుపు చేసిందంతా ఆ లూప్‌తో ఖర్చు పెట్టేశాను. రంగు వేసే పనిని సెల్‌ఫార్మాటింగ్ ఈవెంట్‌లోకి మార్చాను. మొదటి రోజు ఆ ఈవెంట్‌లో డేటాబేస్ క్వెరీ కూడా రాశానని ఇక్కడ ఒప్పుకోవాలి. తెర గీసిన ప్రతిసారీ, ప్రతి గడికీ ఒక క్వెరీ. ఎవరికీ చెప్పకండి.

స్క్రోల్ చేసేటప్పుడు తెర అదిరేది. గ్రిడ్‌లో డబుల్‌బఫర్డ్ (తెరను ముందు మెమరీలో గీసి ఒకేసారి చూపించే సెట్టింగు) అనేది బయటికి కనబడదు, పిల్ల క్లాసులో తెరవాలి. తెరిచాక షాపులో బాగుంది గానీ, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో చూసే షావుకారు గారికి మరీ నెమ్మదించింది. తెర మొత్తం ఒక బొమ్మగా వైరు మీద పోవాలి మరి. అలాంటి రిమోట్ (టెర్మినల్) సెషన్ అయితే దాన్ని ఆపేసే షరతు పెట్టాను.

చిల్లర సంగతులు

రూపాయికి సర్దడం. గుమస్తా గారి చేతి లెక్కలో 1,24,560.50 అంటే 1,24,561. మ్యాథ్.రౌండ్ 1,24,560 అంది. అదే 1,24,561.50 అయితే ఇద్దరికీ 1,24,562. డాట్‌నెట్ మామూలుగా సరిగ్గా సగం వస్తే సరిసంఖ్య వైపు మొగ్గుతుంది, అందుకే ఒకరోజు కలిసేది, ఒకరోజు కలిసేది కాదు. సగం వస్తే పైకే సర్దమని, అంటే అవేఫ్రమ్‌జీరో అని, చెప్పేదాకా నెల రోజులు ఆయన నన్ను అనుమానంగా చూశారు. డబ్బుకు డబుల్ (పైసల దగ్గర చిన్న తేడాలు వచ్చే సంఖ్య రకం) వాడకుండా డెసిమల్ వాడాలన్నది మాత్రం నాకు ముందే తెలుసు, అదొక్కటే పరువు నిలబెట్టింది. కామాలు లక్షల పద్ధతిలో పడాలంటే గడి స్టైల్‌కు భారతీయ కల్చర్ ఇవ్వాలి, లేకపోతే కంప్యూటర్ సెట్టింగును బట్టి 124,561 అని పడుతుంది.

అంకె గడిలో అక్షరం పడితే గ్రిడ్ ఇంగ్లీషులో బారెడు పెట్టె చూపిస్తుంది. దాని చివర, ఈ పెట్టె వద్దనుకుంటే డేటాఎర్రర్ ఈవెంట్ చూసుకోండి అని ప్రోగ్రామర్‌కు చెప్పే మాట ఉంటుంది, చదివేది గుమస్తా గారు. దాన్ని పట్టుకుని "బరువు అంకెల్లో కొట్టండి" అని తెలుగులో పెట్టాను.

పోయిన ఏడాది ఎలక్ట్రానిక్ కాటాను సీరియల్ పోర్టుకు కలిపి బరువు నేరుగా గ్రిడ్‌లోకి తెద్దామని చూశాం. పది నిమిషాలు బాగా నడిచి, గ్రిడ్ మొత్తం తెల్లబడి దాని మీద పెద్ద ఎర్ర ఇంటూ గుర్తు పడింది. సీరియల్ పోర్టు కబురు వేరే థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పని దారి) మీద వస్తుంది, గ్రిడ్‌ను దాని సొంత థ్రెడ్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఆ పనిని గ్రిడ్ థ్రెడ్‌కే అప్పగించే బిగిన్‌ఇన్వోక్‌తో సరిపెట్టాను. అయినా కాటా దగ్గర నుంచి షాపు దాకా వైరు ఎవరు లాగాలన్న దగ్గర ఆ ప్రయత్నం ఆగింది. చిట్టీలే నడుస్తున్నాయి.

గుమస్తా గారు ఇప్పటికీ చివరి టిక్కీ కొట్టాక ఎంటర్ రెండుసార్లు గట్టిగా నొక్కి, తెర వైపు ఒకసారి చూసి, అప్పుడు ఎఫ్10 కొడతారు. ఇక అక్కర్లేదని చెప్పి చూశాను, వినలేదు. రెండో ఎంటర్‌కు కర్సర్ గ్రిడ్ దాటి పక్క టెక్స్ట్‌బాక్సులోకి పోతోందని, దాన్ని అక్కడే ఆపేసే షరతు ఒకటి రాసి పెట్టాను.